కాన్సిల్ చెయ్యని బుకింగ్

"నో-షో కొట్టుండ్రి సార్, పోదాం," అన్నాడు డ్రైవర్ ఇస్తారి, విసుగ్గా వైపర్ ఆపి.

"వస్తది. ఆగన్నా."

"మొన్న గూడ గిట్లనే అన్నరు. వచ్చిందా?"

మేడ్చల్‌లో చర్చి గల్లీ మొగదల మా ఆఫీసు క్యాబ్ వానలో నిలబడి ఉంది. ప్రిస్కిల్లా బుకింగ్ ఉంది, ప్రిస్కిల్లా లేదు. బుక్ చేసిన మనిషి ఎక్కాలి, లేదా కాన్సిల్ చెయ్యాలి. రెండూ జరగకపోతే బండి కదలదు. లోపలున్న వాళ్లెవరైనా ఫోన్లో 'నో-షో', అంటే మనిషి రాలేదని, నొక్కితే కదులుతుంది కానీ, నొక్కితే ఆమెకు వారంపాటు క్యాబ్ ఉండదు. ఆ పని నా వేలు చెయ్యదు. ఎందుకు చెయ్యదో ఇప్పుడు అడక్కండి, ఒళ్లు మండిపోతోంది.

చివరికి ఇస్తారి ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్లను బతిమాలి బండి కదిలించాడు. వెనక సీట్లో ఇద్దరు హాయిగా నిద్రపోతూనే ఉన్నారు.

తుర్కపల్లిలో మా ఆఫీసు గేటు ముందు దిగేసరికి ఏముంది? ప్రిస్కిల్లా వాళ్ల నాన్న స్కూటర్ మీంచి దిగుతోంది. చెక్కుచెదరని జడ, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఏంది ప్రిస్కిల్లా గిది? క్యాబ్ బుక్ చేసి స్కూటర్ మీదొస్తవా?"

"నాయిన దింపుతనన్నడు. వచ్చిన."

"మరి కాన్సిల్ ఎందుకు చెయ్యలే?"

"ఎక్కలేదంటే రానట్టే గదా. మళ్ల కాన్సిల్ ఏంది?"

"నువ్వు రావని బండికెట్ల తెలుస్తది? అడిగింది నువ్వు. ఎక్కినా ఎక్కకపోయినా, అడిగినదాన్ని వాపస్ తీస్కోవాల్సింది గూడ నువ్వే!"

వాళ్ల నాన్న దేవసహాయం గారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "గొంతు మంచిగున్నది బాబూ," అని స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయారు.

నా బాధ క్యాబ్ ఒక్కటే అయితే ఇంత అరిచేవాణ్ని కాదు. పోయిన నెల శామీర్‌పేట చెరువు దగ్గర ఇదే క్యాబ్ పంక్చరైంది. సన్నటి తుంపర. ఒకే గొడుగు కింద నిలబడి, గుండె చిక్కబట్టుకుని అడిగాను, "మా వాళ్లను మీ ఇంటికి పంపనా?" అని. ఆమె చెరువు వంక చూసింది. టైరు వంక చూసింది. టైరు బిగించగానే ఎక్కి కూర్చుంది. అవునూ లేదు, కాదూ లేదు. ఆ రోజునుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

దానికి తోడు మేం తయారుచేస్తున్న బాక్సు. టీకాలు తీసుకెళ్లే చల్లటి పెట్టె అది. లోపల వేడి పెరిగితే అలారం మోగాలి. బ్యాటరీ వారాల తరబడి రావాలి కాబట్టి దాంట్లోని చిప్ ఎప్పుడూ నిద్రపోతూ, అప్పుడప్పుడూ లేచి, సెన్సర్‌ను లేపి, వేడి చూసి మళ్లీ పడుకోవాలి. ఆ లేపడం, పడుకోబెట్టడం చేసే డ్రైవర్ కోడ్ నాది. పరీక్షలు చేసేది ప్రిస్కిల్లా. బాక్సు రెండ్రోజులకే చస్తోంది.

మా మేనేజర్ రాఘవేందర్ సార్ అదే రోజు, శుక్రవారం, తేల్చేశారు. "సోమవారం దాంక బాక్స్ నిలవకుంటే పని బెంగళూరు టీముకు పోతది. దాంతోని నువ్వు గూడ పోతవ్ జోయెల్."

బెంగళూరు! ఇంకా జవాబే రాలేదు నాకు.

"బ్యాటరీలు మంచియి గావు," అన్నాను టెస్టు రూములోకి వెళ్లి.

"మస్తు బ్యాటరీలు మార్చిన. నీ కోడ్ మంచిగ లేదు." ప్రిస్కిల్లా గ్రాఫ్ నా వైపు తిప్పింది. "ఇగో, సల్లదనానికి ఇక్కడ సెన్సర్ లేవలే. గప్పటిసంది చిప్ పండుకుంటనే లేదు. సెన్సర్ లేవకుంటే నీ కోడ్ ఏం జేస్తది?"

"ఎర్రర్ అని చెప్పి బయటికొస్తది. గంతే."

"లేపేముందు 'నాకు పవర్ గావాలె, పండుకోకు' అని చిప్‌కు చెప్తవ్ గదా. అది వాపస్ తీస్కున్నవా?"

"సెన్సర్ లేవనే లేదు తల్లీ! ఇగ వాపస్ ఏంది?"

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, తీరిగ్గా ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఎక్కినా ఎక్కకపోయినా వాపస్ తీస్కోవాలన్నరు ఎవరో. పొద్దుగాల. గేటు ముంగట."

గ్రాఫ్ వంక మళ్లీ చూశాను. చిప్ పాపం ఇస్తారి లాగే, ఎవరో అడిగారు కదా అని బండి ఆపుకుని కూర్చుంది.

సిగ్గుతో గబగబా సరిచేసి ఇచ్చాను. గంటలో మళ్లీ పిలుపు. ఈసారి బాక్సు మరీ సుఖంగా పడుకుంది. పరీక్షకు మోగించిన అలారం మోగుతూ మోగుతూ మధ్యలో ఆగిపోయింది. తొందరలో వాపస్ లైను రెండు చోట్ల రాశాను. సెన్సర్ లేవనప్పుడు రెండూ నడిచి, నాదే కాక అలారం అడిగిన పవర్ కూడా రద్దు చేశాయి.

"నీది నువ్వు కాన్సిల్ చేస్కో. పక్కోళ్లది గాదు!" ప్రిస్కిల్లా తల పట్టుకుంది. "ఒక్కసారి అడిగితే ఒక్కసారే వాపస్. జర నిమ్మళంగ రాయి. నువ్వు బెంగళూరు పోతే నేనెవరితోని కొట్లాడాలె?"

ఈసారి నిదానంగానే రాశాను. సెన్సర్ లేచినా, లేవకపోయినా కోడ్ ఒకే దారిలో బయటికి వస్తుంది. ఆ దారిలో ఒకే ఒక్క వాపస్. బాక్సును చల్లటి గదిలో పెట్టి ఇంటికి వెళ్లాం. ఆదివారం చర్చిలో నేను ఏం ప్రార్థన చేశానో పాస్టర్ గారు వింటే నవ్వేవారు.

సోమవారం మేడ్చల్ చేరేసరికి ప్రిస్కిల్లా గొడుగు పట్టుకుని మా కంటే ముందే నిలబడి ఉంది. ఆ ఆశ్చర్యంలో ఇస్తారి బ్రేకు వెయ్యడమే దాదాపు మర్చిపోయాడు.

ఎక్కగానే ఫోన్ నా మొహానికి దగ్గరగా పెట్టింది. "రాఘవేందర్ సార్ ఇప్పుడే పంపిండు. సెన్సర్ మస్తుసార్లు లేవలే. ఐనా బాక్స్ మంచిగ పండుకుంటాంది. బ్యాటరీ తరగనే లేదు."

ఊపిరి పీల్చుకున్నాను. బెంగళూరు తప్పింది. వెంటనే పాత మంట గుర్తొచ్చింది.

"గన్నిసార్లు స్కూటర్ మీదెందుకొచ్చినవ్?"

"నాయిన నిన్ను చూస్తనన్నడు. పొద్దుగాల తయారైనంక దింపుతనంటడు. ఆ తొందరల కాన్సిల్ ఎవరికి యాదికుంటది?"

"ముందుగాల చెప్పొద్దా! షర్టన్న ఇస్త్రీ చేస్కుందును!"

"చెప్తే నటిస్తవంట. చెప్పకుండ చూసిండు. చూసినప్పుడల్లా అరుస్తనే ఉన్నవ్."

దేవుడా! "మరి ఏమన్నడు?"

ఇస్తారి అద్దంలోంచి అందుకున్నాడు. "నన్ను గూడ అడిగిండు సార్. నో-షో కొట్టమంటే కొట్టడు, నన్ను పరేషాన్ చేస్తడని చెప్పిన."

"కోపిష్టోడే గానీ ఇడిచిపెట్టి పోయేటోడు గాదన్నడు నాయిన," అంది ప్రిస్కిల్లా.

క్యాబ్ శామీర్‌పేట చెరువు పక్కకు వచ్చింది. నీళ్ల మీద వాన పడుతోంది. ఆమె ఈసారి చెరువు వంక చూడలేదు, నా వంక చూసింది.

"ఇక్కడ నన్నొకటి అడిగినవ్ గదా. నీ రూలు ప్రకారం, జవాబు రాకుంటే వాపస్ తీస్కోవాలె. తీస్కున్నవా?"

"లేదు."

"ఎందుకు?"

"నాతోని గాలే ప్రిస్కిల్లా."

"తీస్కోకు," అంది మెల్లగా. "వచ్చే ఆదివారం చర్చి అయినంక మీవోళ్లను తోల్కరా."

ఎగిరి గంతెయ్యాల్సింది పోయి నాకు పట్టరాని కోపం వచ్చింది. "గీ ఒక్క ముక్క చెప్పనీకి నెల రోజులా! నెల రోజులు!"

వెనక సీట్లో ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. ప్రిస్కిల్లా నవ్వుతూ ఫోన్ చెవికి పెట్టుకుంది.

"నాయినా, చెప్పిన. ఆఁ, గా అరిచేది ఆయననే."