టీచరమ్మ పెరట్లో పాత పైపు

టీచరమ్మకి ఈత రాదు. అయినా పెరట్లో స్విమ్మింగ్ పూల్ కావాలంది. తుంటి ఎముకలు రెండూ అరిగిపోయాయి. నీళ్లలో నడిస్తే ఒంటి బరువు కాళ్ల మీద పడదని డాక్టరు చెప్పాడట.

"నడుముదాకా నీళ్లుంటే చాలు నాయనా. ఈ వయసులో నేను సముద్రాలు దాటాలా ఏమిటి?" అని నవ్వింది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ప్లాను కాగితం చేతికివ్వగానే, వెడల్పు దగ్గర నాలుగంగుళాలు తేడా వచ్చిందని వేలు పెట్టి మరీ చూపించింది. ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

పని ఒప్పుకున్నది బావ. అతనితో పనిచేసే టేపుకి సొంత బావ, అక్క మొగుడు. ఇద్దరూ కలిసి పదిహేడేళ్లుగా పూల్స్ కడుతున్నారు. టేపు అసలు పేరు పనిచోట ఎవరికీ గుర్తులేదు. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది, అదే పేరైపోయింది. "మావాడి పెళ్లి ఫొటోలో కూడా ఉంటుందండీ, కావాలంటే చూపిస్తా," అని బావ కనిపించిన వాళ్లందరికీ చెబుతాడు. టేపు నవ్వి ఊరుకుంటాడు. నిజమే మరి, ఉంటుంది.

పూల్ పనిలో మొదట తవ్వడం ఉండదు, వెతకడం ఉంటుంది. నేలలో ఏముందో తెలియకుండా తవ్వే మిషను దింపితే కరెంటు కేబులో, మంచినీళ్ల పైపో తెగుతుంది. అందుకని ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ లైన్లు వెతికే మిషను పట్టుకుని పెరడంతా జల్లెడ పట్టారు. మిషను మోగినచోటల్లా గడ్డి మీద రంగు కొట్టారు. కరెంటుకి ఎరుపు, నీళ్లకి నీలం, డ్రైనేజీకి పచ్చ. ఆకాశం మబ్బు పట్టి ఉంది. చినుకు లేదు, గాలి లేదు. వంటింటి కిటికీలోంచి టీచరమ్మ రేడియో సన్నగా వినిపిస్తోంది.

బట్టలారేసే తీగ దగ్గర మిషను గట్టిగా మోగింది.

ప్లానులో అక్కడ ఏమీ లేదు. గడ్డపారతో మట్టి తీస్తే జానెడు లోతులో ఇనుపమూత బయటపడింది. ఇద్దరూ చెరోవైపు పట్టి లేపితే కింద ఇటుకతో కట్టిన ఛాంబరు. ఐదడుగుల లోతు, లోపలంతా పొడిగా ఉంది. ఒక గోడలోంచి సిమెంటు పైపు మొదలవుతోంది. రెండడుగులైనా లేని వెడల్పు. ఆ పైపు సరిగ్గా పూల్ కట్టాల్సిన చోటువైపే పోతోంది.

డ్రైనేజీ కంపు రాలేదు. అదే వింత. మాసిన దుప్పట్ల వాసన వచ్చింది. చాలాకాలం తలుపులేసుకుని ఎవరో పడుకున్న గది వాసన.

"ఈ ఇల్లు నేను కొని నాలుగేళ్లయింది నాయనా, ఇది ఉందని నాకు తెలియదు," అంది టీచరమ్మ మెట్ల మీదనుంచి.

పైపు ఎక్కడిదాకా వెళ్తుందో తేలకుండా తవ్వకూడదు. బావ పొడుగాటి ఫైబరు కడ్డీ లోపలికి తోశాడు. పదకొండడుగుల దగ్గర ఆగింది. గోడకి తగిలితే ‘టక్’ మనాలి. అలా అనలేదు. మెత్తగా ఆగింది.

"గుడ్డలేవో అడ్డం పడ్డాయి. నేను దూరి చూస్తా బావా," అన్నాడు టేపు.

"తాడు కట్టుకో."

"పదకొండడుగులకి తాడేంటి? నేనేమన్నా బావిలో పడ్డ బకెట్టునా?"

బావ గొణిగాడు గానీ పట్టుబట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు దానికే తల కొట్టుకున్నాడు.

గాలి మీటరు దింపి చూశారు, గాలి బాగానే ఉంది. అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న సిగ్నల్ డబ్బీ ఒకటి టేపు హెల్మెట్‌కి కట్టారు. అది లోపల ఎక్కడుంటే, పైన బావ చేతిలో మిషను సరిగ్గా అక్కడ మోగుతుంది. బావ దాని వెంబడే నేల మీద గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. లోపలికి మాట వినబడదు కాబట్టి గడ్డపార దెబ్బలు అనుకున్నారు. రెండు దెబ్బలంటే ముందుకు రా. ఒక్క దెబ్బంటే ఆగు.

టేపు తన కొలత టేపు కొక్కేన్ని పైపు అంచుకి తగిలించి, తలకి లైటు పెట్టుకుని బోర్లా పడుకుని దూరాడు.

లోపల చల్లగా ఉంది. రెండు భుజాలూ పైపుకి రాసుకుంటున్నాయి. మోచెయ్యి, మోకాలు, మోచెయ్యి, మోకాలు. వెనక్కి తిరిగే వీలు లేదు. రావాలంటే కాళ్లతో వెనక్కి పాకుతూ రావాల్సిందే. ఇలాంటివి బోలెడు చూశాడు, భయం లేదు. నడుం దగ్గర టేపు సర్రున జారుతోంది. వెనకనుంచి వచ్చే పగటి వెలుతురు కాస్త కాస్తగా తగ్గింది.

ఢక్... ఢక్.

రెండు దెబ్బలు. ముందుకు పాకాడు.

లైటు వెలుగులో పైపు ఎదురుగా నున్నగా, పొడుగ్గా కనబడుతోంది. గుడ్డల్లేవు. అడ్డం ఏమీ లేదు. కడ్డీ దేనికి ఆగిందో మరి.

ఢక్... ఢక్.

ఇంకా పాకాడు. చెమట కళ్లలోకి దిగింది. మోచేతులు కొట్టుకుపోయి మంట పుడుతున్నాయి. పది నిమిషాలైనా అయి ఉంటుంది. ఇంత పొడుగు పైపు ఈ పెరట్లో ఎలా పడుతుంది? ఈపాటికి ప్రహరీ దాటి పక్కింట్లోకి పోవాలి కదా. నడుం దగ్గరి కొలత టేపు తడుముకుని, మెడ వంచి లైటు వేసి చూశాడు.

పదకొండడుగుల నాలుగంగుళాలు.

ఎక్కడో పట్టేసిందనుకున్నాడు. ఇరవై సార్లు మోచేతులు మార్చి పాకాడు. మళ్లీ చూశాడు.

పదకొండడుగుల నాలుగంగుళాలు.

అప్పుడిక పాకడం ఆపేశాడు. పోనీ వెనక్కి పోదాం, పైకెళ్లి ఆలోచిద్దాం అనుకున్నాడు. అంతలో మళ్లీ దెబ్బలు వినబడ్డాయి. ఢక్... ఢక్. ఈసారి టేపు ఊపిరి బిగబట్టి విన్నాడు.

దెబ్బలు పైనుంచి రావడం లేదు. పొట్ట కిందనుంచి వస్తున్నాయి.

"బావా!" అని అరిచాడు. గొంతు పైపులోనే గిరగిరా తిరిగి ఆగిపోయింది.

"ఆఁ," అని వినిపించింది. బావ గొంతే. దగ్గరగా. ప్రాణం లేచొచ్చింది.

"బావా, టేపు పట్టేసింది. నేను వెనక్కి వచ్చేస్తున్నా."

"ఇంకొంచెం ముందుకు రండి," అంది ఆ గొంతు.

టేపు కదల్లేదు.

అక్క పెళ్లినాటినుంచి బావ అతన్ని ‘ఒరేయ్’ అంటాడు. కోపం వస్తే ‘వెధవా’ అంటాడు. ముద్దొస్తే కూడా ‘వెధవా’ అనే అంటాడు. పదిహేడేళ్లలో ఒక్కనాడూ ‘రండి’ అనలేదు.

"...బావా? నువ్వేనా?"

"నేనేనండి."

మెల్లగా... చప్పుడు కాకుండా... ఒక కాలు వెనక్కి చాపాడు. అరికాలు దేనికో తగిలింది. రెండో కాలు చాపాడు. అదీ తగిలింది. బల్లపరుపుగా, గట్టిగా, గోడలాగా. ఇప్పుడే వచ్చిన దారి. అక్కడ గోడ ఎక్కడిది? మడమలతో తన్నాడు. కదల్లేదు. తలతిప్పి చూద్దామంటే పైపు తిరగనివ్వదు. చేతులు కాళ్లదాకా పోవు. మోకాళ్లు మడవడానికి చోటు లేదు. ముందు ఖాళీ ఉంది, కానీ అటు పోలేడు. వెనక్కి పోదామంటే దారి లేదు.

"అక్కడే ఉండండి," అంది గొంతు. గుసగుసగా, మర్యాదగా. "నేనే వస్తాను."

ఎదురుగా దూరంనుంచి చప్పుడు మొదలైంది.

మోచెయ్యి... మోకాలు... మోచెయ్యి... మోకాలు...

బట్ట సిమెంటుకి రాసుకుంటున్న చప్పుడు. ఎవరో రొప్పుతున్నారు. టేపు తల ఎత్తి లైటు వేశాడు. వెలుగు వెళ్లినంత మేరా పైపు ఖాళీ. చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. ముప్పయ్యడుగులు... ఇరవై... వెలుగులోకి వచ్చేసింది. చూస్తే ఖాళీ. ఇంకా దగ్గరికి వచ్చింది. ఖాళీ. రొప్పడం చెవి పక్కనే వినబడుతోంది.

ఆగింది.

కళ్లు మూసేసుకున్నాడు. అరిచాడు. అక్కని పిలిచాడు, పెళ్లాన్ని పిలిచాడు. ఎంతసేపరిచాడో తెలియదు. గొంతు పోయి గాలి మాత్రమే వస్తున్నప్పుడు, నెత్తిమీద పెద్ద చప్పుడై మట్టీ పెంకులూ వీపు మీద రాలాయి. పగటి వెలుతురు పడింది. ఒక చెయ్యి కిందికి దిగింది.

టేపు ఆ చెయ్యి పట్టుకోలేదు. ముడుచుకుపోయి, "ఎవరు?" అన్నాడు.

"ఎవరేంట్రా వెధవా! చెయ్యివ్వు!"

అంత కమ్మని తిట్టు అతను పుట్టి వినలేదు. ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బావ చెప్పినదాన్నిబట్టి జరిగింది ఇదీ. టేపు దూరిన రెండు నిమిషాలకే మిషను ఒకేచోట మోగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అంగుళం కదల్లేదు. ఏదో పట్టేసిందని బావ మొదట ఆగమని ఒక్క దెబ్బ కొట్టాడు. రెండు దెబ్బలు అసలు కొట్టనేలేదు. ఛాంబరులోకి దిగి పిలిచాడు, జవాబు లేదు. పైపులోకి లైటు వేస్తే టేపు బూట్లు కనబడుతున్నాయి. కదలడం లేదు. దూరి ఆ బూట్లు పట్టుకుని లాగాడు, రాలేదు. "సిమెంటులో పాతినట్టున్నావురా," అన్నాడు. అప్పుడిక మిషను మోగినచోట తవ్వడం మొదలుపెట్టాడు. టీచరమ్మ చేతికర్ర పక్కన పారేసి, ఆ తుంటి నొప్పితోనే చేటతో మట్టి ఎత్తిపోసింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

పగలగొట్టిన కన్నంలోంచి బావ లైటు వేసి లోపల చూపించాడు. వెనకవైపు పైపు ఛాంబరుదాకా బార్లా తెరిచే ఉంది. ముందువైపు, టేపు తల ఉన్నచోటికి జానెడు దూరంలో, ఇటుకగోడ. ఏనాడో కట్టేసింది. అవతలికి చీమ దూరే సందు లేదు.

"నేను దాని గుండా చూశాను బావా," అన్నాడు టేపు. "చాలా దూరం చూశాను."

బావ లైటు ఆర్పేశాడు.

టేపు టీచరమ్మ దగ్గర ఏదీ దాచలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాడు. ఇక్కడ పూల్ వద్దమ్మా, ఇల్లమ్మేయండి అని కూడా అన్నాడు. ఆవిడ వెటకారం చెయ్యలేదు. గ్లాసుతో నీళ్లిచ్చి, అతను తాగేదాకా ఆగింది.

"నువ్వు అబద్ధం చెబుతున్నావని అనను నాయనా. కానీ పొద్దున్నే మంచం దిగాలంటే నాకు పావుగంట పడుతుంది. నాకు దెయ్యాలకంటే ఆ పావుగంటే ఎక్కువ భయం."

చివరికి బావ ప్లాను మార్చాడు. ఛాంబరునీ పైపునీ కాంక్రీటుతో నింపించాడు. పూల్‌ని పెరటికి అవతలి చివరకి, ప్రహరీ పక్కకి జరిపాడు. వాననీళ్లు ఆ వైపు రాకుండా కొత్త కాలువ వేశాడు. టేపు ఆ ఇంటి గుమ్మం మళ్లీ తొక్కలేదు. ఇంట్లో స్నానాల గది తలుపు కూడా గడియ పెట్టుకోవడం మానేశాడు. పెళ్లాం బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. తనని ‘ఏవండీ’ అని పిలవొద్దని చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున పదింటికి, షెడ్డులో పైపులు సర్దుతుంటే ఫోను మోగింది. టీచరమ్మ. గొంతు హుషారుగా ఉంది.

"నాయనా, మీ బావ ఫోనెత్తడం లేదు, నీకు చేశాను. పూల్ ఎంత బాగా కుదిరిందో! కర్ర లేకుండా మెట్లు దిగుతున్నాను తెలుసా?"

"సంతోషమమ్మా," అన్నాడు టేపు మనస్ఫూర్తిగా.

"ఒక్క సంగతి అడుగుదామని. ఇందులో మీరు హీటరు గానీ పెట్టారా?"

"లేదమ్మా. మీరు వద్దన్నారుగా."

"అదే కదా. నీళ్లన్నీ చల్లగానే ఉంటాయి. ఒక్కచోట మాత్రం వెచ్చగా ఉంటుంది. ఎంతో కాదు, మనిషంత మేర. మొదట గోడవారగా ఉండేది. ఎండ పడుతోందేమో అనుకున్నాను. కానీ మబ్బు పట్టిన రోజు కూడా ఉంటుంది. పైగా ఒకచోట ఉండదు నాయనా. నేను దిగగానే మెల్లగా పక్కకి జరిగిపోతుంది. నాకు చోటిస్తున్నట్టు."

టేపు చేతిలో పైపు ముక్క జారి నేల మీద పడింది. దొర్లుకుంటూ పోయి గోడకి ఆగింది.

"అమ్మా," అన్నాడు. "ఇప్పుడు మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? నీళ్లలోనే. ఫోను గట్టుమీద పెట్టి మాట్లాడుతున్నాను."

"బయటికి వచ్చేయండి."

అవతల నీళ్లు గట్టుకి మెల్లగా తగులుతున్న చప్పుడు. ఆవిడ గొంతులో ఆ హుషారు లేదు.

"ఇవాళ... అది పక్కకి జరగలేదు నాయనా."