అరవయ్యో ముక్క

గురువారం పొద్దున కరెంటు ఇంకా పోలేదు కాబట్టి కాఫీ వేడిగానే ఉంది. ఎవేలియో వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చుని తాగుతున్నాడు. అందులో సగం వేయించిన బఠాణీల పొడి అని ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఆయన మాత్రం పూర్తి కాఫీ తాగుతున్నవాడి ముఖమే పెట్టాడు. లోపల భోజనాల బల్ల దగ్గర్నుంచి కరకరమని కత్తెర చప్పుడు వస్తోంది. మూడుసార్లు ఓర్చుకున్నాడు. నాలుగోసారి కప్పు కింద పెట్టాడు.

"అమ్మాయ్, అది కత్తిరించడమా, కొరకడమా?"

"ముక్కలు కోసుకుంటున్నా నాన్నా. నువ్వు కాఫీ తాగు."

దయామీకి ఇరవై తొమ్మిదేళ్లు, మందుల షాపులో ఉద్యోగం. ఆమె కోస్తున్నవి డ్రాగన్లూ మంత్రగత్తెలూ ఉండే ఆట తాలూకు కార్డు ముక్కలు. అసలైనవి వాళ్ల ఊరు సియెన్‌ఫ్వేగోస్‌లో ఏ దుకాణంలోనూ అమ్మరు. అందుకని ఊళ్లో ఆడేవాళ్లంతా తెలిసినవాళ్ల దగ్గర ప్రింటు తీయించుకుని, అట్టకు అంటించి, కోసి, నల్ల ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టుకుంటారు. మందుల షాపులో మందులకు కరువుగానీ ఖాళీ పెట్టెలకు కాదు. అందుకే దయామీ డ్రాగన్లన్నిటి వీపు మీదా ఆయాసం మందు పేరుంటుంది.

"ఈ వయసులో దయ్యం బొమ్మలు!" అన్నాడు ఎవేలియో, భార్యకు వినపడేలా.

ముందు గదిలో గోళ్లరంగు సీసాలు సర్దుకుంటున్న సొరాయిదా తల కూడా ఎత్తలేదు. ఆమెది ఇంట్లోనే గోళ్లు తీర్చే పని. "నువ్వు డెబ్భయ్యో ఏట డొమినో ఆడుతూ బల్ల విరగ్గొట్టావు. దాన్ని అనకు."

"బల్ల విరిగింది చెక్కలో చెమ్మ వల్ల."

ఎవేలియో చక్కెర మిల్లులో నలభై ఏళ్లు నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆ నలభై ఏళ్లలో ఒక్క మిల్లీమీటరు కూడా తప్పలేదని పెళ్లిళ్లలో చెప్పేవాడు, చావుల్లోనూ చెప్పేవాడు. రిటైరయ్యాక వీధిలో వాళ్లకి తలుపులు, మెట్లు, నీళ్ల ట్యాంకు దిమ్మలు గీసి ఇస్తున్నాడు. పోయిన వర్షాకాలంలో పక్కింటి మిగ్దాలియాకి గీసిచ్చిన తలుపు ఈ రోజు వరకూ మూసుకోలేదు. అది కూడా చెమ్మే.

ఆయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని అంచు వెంట బొటనవేలు నడిపాడు. "ఇది అంచా, రంపమా? కత్తెర ఇటివ్వు. కాదు, కత్తెర అవతల పారెయ్. నా బ్లేడు తెస్తాను."

"నాన్నా, శనివారం సాంతా క్లారాలో పోటీ. ఇవి పాడైతే..."

"నా చేతిలో పాడవుతాయా?"

దయామీకి షాపుకి వేళయింది. కొలత కోసం జట్టు నాయకుడు ఓస్దానీ అరువిచ్చిన ముక్క ఒకటుంది. ఊరు మొత్తానికి అసలైన ముక్క అదొక్కటే. దాన్ని మేరీమాత పటంలా రెండు ప్లాస్టిక్ తొడుగుల్లో దాచి పంపించాడు. "ఇది కొలత నాన్నా. అరవై మూడు, ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు. దీని ప్రకారం కొయ్యి" అని తండ్రి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి అరవై ముక్కలూ ఇటుకలా పేర్చి ఉన్నాయి. అంచులు నున్నగా గాజు పలకల్లా ఉన్నాయి. ఎవేలియో అప్పటికే వాటిని ఆ వీధిలో నాలుగిళ్లకు చూపించి వచ్చాడు. దయ్యం బొమ్మల మాట ఆ రోజుకి ఎత్తలేదు.

మర్నాడు దయామీకి సెలవు. మధ్యాహ్నం మూడింటికి ఓస్దానీ తొడుగులు పట్టుకుని వచ్చాడు. ముందు గదిలో మిగ్దాలియా సొరాయిదా చేతికి చెయ్యి అప్పగించి కూర్చుని ఉంది. ఒక చేతి గోళ్లకు ఎర్రరంగు పడింది, రెండోది ఇంకా మొదలవలేదు.

ఓస్దానీ ముక్కల్ని ఒక్కొక్కటే తొడుగులో దూర్చసాగాడు. ఇరవై దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ముప్పై దాటాక మాటలు తగ్గాయి. యాభై దాటాక తొడుగు పట్టుకుని ఊపాడు. లోపల ముక్క గిలక్కాయలా కదిలింది. మొదటి ముక్కా చివరి ముక్కా తీసి పక్కపక్కన పెట్టాడు.

"మాస్టారూ, ఇది డ్రాగన్. మరి ఇదేంటి, దాని పిల్లా?"

దయామీ లాక్కుని చూసింది. రెండింటికీ పొడుగులోనే నాలుగు మిల్లీమీటర్ల తేడా.

"చెమ్మ" అన్నాడు ఎవేలియో. "అట్ట ముడుచుకుంది."

"మొదటిది ముడుచుకోలేదు. పదోది కొంచెం ముడుచుకుంది. ముప్పయ్యోది ఇంకొంచెం. చెమ్మ వరస నంబరు చూసుకుని ఎక్కిందా నాన్నా?"

దయామీ మళ్లీ ముక్కలన్నీ పరిచి చూసింది. ఆమెకు అర్థమైంది. "మొదటి ముక్క పెట్టి రెండోది కోశావు. రెండోది పెట్టి మూడోది. ప్రతిసారీ బ్లేడు వెంట్రుకంత కొరికింది. అంతేనా?"

"అసలు ముక్కకి బ్లేడు తగిలితే వీడు ఉరేసుకుంటాడు. అందుకని..."

"స్కేలు ఉంది కదా! కొలత ఎప్పుడూ మూలం నుంచే తియ్యి, నకలు నుంచి తియ్యకు అని నాకు ఏడేళ్లప్పుడు చెవి మెలేసి నేర్పింది ఎవరు?"

"కాగితం బొమ్మల కోసం కన్నతండ్రిని నిలదీస్తావా?"

"అవును, కాగితం బొమ్మలే!" దయామీ గొంతు పెరిగింది. "నాలుగేళ్లు ఓడిపోయి ఓడిపోయి ఈ ఏడే జట్టులో చోటు తెచ్చుకున్నా. ముగ్గురిలో ఒక్కరు తగ్గినా మిగతా ఇద్దరినీ ఆడనివ్వరు. ప్రింటు తీసిన చోట ఇంకు అయిపోయింది, మళ్లీ ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. తడిమితే తేడా తెలిసే ముక్కలతో వెళ్తే దొంగాటంటారు. రేపు పొద్దున లారీ ఎక్కాలి నాన్నా!"

"నలభై ఏళ్లు నేను..."

"సరే. ఇదెంతుందో నువ్వే చెప్పు." స్కేలూ ముక్కా ఆయన చేతిలో పెట్టింది.

ఎవేలియో స్కేలుని ముక్కు దగ్గరకు తెచ్చాడు, దూరం జరిపాడు, వరండా వెలుతురు వైపు తిరిగాడు. అందరూ చూస్తున్నారు. చివరికి గంభీరంగా, "అరవై" అన్నాడు.

"నాన్నా." దయామీ గొంతు మారిపోయింది. "స్కేలు తిరగేసి పట్టుకున్నావు. అటువైపు అంకెలే లేవు."

సొరాయిదా బ్రష్షు సీసాలో పెట్టేసింది. "ఇంక చెప్పెయ్యవయ్యా."

"చెప్పడానికేముంది? పోయినేడు క్లినిక్‌లో చూశారు. చార్టు చివరి వరుస దాకా చదివాను."

"చదవలేదు, అప్పజెప్పావు. ఏళ్ల తరబడి అదే చార్టు. రోజూ నిద్రలో పాఠం అప్పజెప్తుంటే నాకూ నోటికొచ్చేసింది."

మిగ్దాలియా రంగేసిన చేతిని గాల్లోనే ఉంచి, నెమ్మదిగా అడిగింది. "అంటే నా తలుపు... చెమ్మ కాదన్నమాట."

"నువ్వుండవే" అంది సొరాయిదా.

ఎవేలియో కుర్చీలో కూలబడ్డాడు. "ఎలా చెప్పను? ఈ వీధిలో నన్ను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? అందరికీ మాస్టార్నే. గీత కనపడని మాస్టారితో ఎవరికేం పని? గేటు దగ్గరే ఆగిపోతారు."

"మరి ఇవెలా కోశావు?"

"గోటితో. స్కేలు జారుతుంది. అసలు ముక్క పెట్టి మొదటిదొక్కటి ఎలాగో కోశాను. కానీ తొడుగులో ఉన్నదాని అంచు గోటికి సరిగ్గా అందదు. అప్పుడే కోసిన అట్ట అంచు అందుతుంది. దాన్ని పట్టుకుని పోయాను." గోటి అంచుని బొటనవేలితో రుద్దుకుంటూ అన్నాడు. "పిల్లది చాలా రోజులకి నా చేతికి ఓ పనిచ్చింది. కాదని ఎలా అంటాను?"

దయామీ ముక్కల్ని మళ్లీ చూసింది. కొలత తప్పింది. కానీ అరవైలో ఒక్కటీ వంకర లేదు. ప్రతి మూలా మూలమట్టం పెట్టినట్టుంది. ముక్కకి నాలుగంచుల చొప్పున, చూపు లేని చెయ్యి రెండువందల నలభైసార్లు తిన్నగా నడిచింది. ఆ లెక్క వేసుకునేసరికి ఆమెకు బల్ల మసకగా కనిపించింది. వెళ్లి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"గేటు దగ్గర ఆగిపోయేవాళ్లని ఆగిపోనీ నాన్నా. నేను లోపలే ఉన్నాగా. నాతోనైనా చెప్పాల్సింది."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఓస్దానీ గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి సమయాల్లో ఏం చెయ్యాలో తెలియక వాడు రూల్సు చెప్తాడు. "అసలు కొలతే ఉండాలని ఎక్కడా లేదు మాస్టారూ. అరవయ్యీ ఒకే కొలతలో ఉంటే చాలు."

దయామీ తలెత్తింది. "అయితే అన్నిటినీ అరవయ్యోదానికి దించేద్దాం."

"మళ్లీ అట్ట పెట్టి కాదు" అన్నాడు ఎవేలియో, వెంటనే నిటారుగా కూర్చుని. "రేకు కావాలి. ఒరేయ్ ఓస్దానీ, నీ సైకిలు కొట్లో పాలడబ్బా రేకు ఉంటుంది. అరవయ్యో ముక్క పట్టుకెళ్లి, సరిగ్గా అంతే ఆకురాయి పట్టి తీసుకురా. ఒక్క వెంట్రుక తేడా వచ్చినా..."

"మీకు కనపడదుగా మాస్టారూ."

"నా గోటికి కనపడుతుందిరా!"

వాడు పరిగెత్తాడు. రేకు వచ్చేసరికి కరెంటు పోయింది. బల్లని అందరూ కలిసి వరండాలోకి మోశారు. దయామీ రేకుని ముక్క మీద సరిచూసి పెట్టేది, "ఊఁ" అనేది. ఎవేలియో బ్లేడు నడిపేవాడు. మూలలు గుండ్రంగా తీసే పని సొరాయిదాది. గోళ్లు కత్తిరించే కత్తెరతో ఒక్కొక్కటీ టక్కున కత్తిరించి, అలవాటు కొద్దీ ఊదేది. రెండో చేతికి రంగు పడని మిగ్దాలియా లెక్కపెట్టింది, రెండుసార్లు తప్పింది.

వెలుతురు తగ్గకముందే యాభై తొమ్మిదీ అయ్యాయి. ఎవేలియో అరవయ్యీ పేర్చి నాలుగు వైపులా గోరు నడిపాడు. ఎక్కడా ఆగలేదు.

"సరిపోయిందా?" అడిగింది దయామీ.

"నన్నడుగుతావేంటి? కళ్లు నువ్వు."

శనివారం సాంతా క్లారాలో న్యాయనిర్ణేత కళ్లు మూసుకుని ఆమె ముక్కల్ని తడిమి చూశాడు, ఏమీ దొరకలేదు. జట్టుకి ఐదో స్థానం వచ్చింది. మొత్తం ఏడు జట్లు. ముక్కల్లో మాత్రం తప్పు పట్టలేకపోయారని ఎవేలియో వీధంతా చెప్పాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, మిగ్దాలియా ఇంటికి వెళ్లి తలుపు తప్పు చెమ్మది కాదని చెప్పాడు.

సోమవారం పొద్దున తండ్రీకూతుళ్లు క్లినిక్‌కి వెళ్లారు. గోడ మీద అదే చార్టు. డాక్టరమ్మ బెత్తంతో చివరి వరుస చూపించి, "చెప్పండి తాతగారూ" అంది.

ఎవేలియో నోరు తెరిచాడు. అక్షరాలు నాలుక చివరే ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోదు. పక్కనే నిలబడ్డ కూతురి చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"చార్టు నాకు నోటికొచ్చు డాక్టరమ్మా. కనపడేది మాత్రం పైనున్న పెద్దక్షరం ఒక్కటే. అది కూడా ఉందని తెలుసు కాబట్టి."

దయామీ తల పక్కకు తిప్పుకుంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఆయనకు వినపడింది.

"ఏడవకు" అన్నాడు, ఆ చెయ్యి నొక్కి. "ఈసారి మూలం నుంచే తీసి చెప్పాను."