గుంటలో పడ్డ తొమ్మిది బంతులు

ఉదయం ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

గోల్ఫ్ క్లబ్బు మీటింగ్ రూమ్‌లో నేల మీద రక్తం ఇంకా ఆరలేదు. గాయపడిన మనిషిని అంబులెన్స్ అప్పుడే తీసుకెళ్లింది. ఆమె టూర్ ప్లానర్. వయసు ముప్పై నాలుగు. తల వెనక బలమైన దెబ్బ. ప్రాణం ఉంది. నిలుస్తుందో లేదో ఒక రోజు గడిస్తే గానీ చెప్పలేమన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడి గదంతా చూసింది. స్టేషన్‌లో ఆమె వెనకాల అందరూ పిలుచుకునే పేరు చిర్రుబుర్రు మేడమ్. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆ పేరు పోగొట్టుకోవాలని ఆమె ఎన్నడూ ప్రయత్నించలేదు.

బల్ల మీద పెద్ద మ్యాపు. సగం కొండలు, సగం ఎడారి. గోడ మీద వైట్ బోర్డు. దాని మీద వచ్చే వారం మెంబర్లు వెళ్లబోయే నాలుగు రోజుల గోల్ఫ్ ట్రిప్పు ప్లాను. మొదటి రెండు రోజులు కొండల్లో ఆట. మూడో రోజు ఎడారి కోర్సు, అంటే అక్కడి గోల్ఫ్ మైదానం. నాలుగో రోజు తిరుగు ప్రయాణం. మూడో రోజు మీద అడ్డంగా ఒక ఎర్రగీత.

నేల మీద మూత తీసిన ఎర్ర మార్కర్. ఒక స్టీలు పట్టర్, బంతిని గుంటలోకి నెట్టే కర్ర. దాని పిడిని ఎవరో శుభ్రంగా తుడిచారు. ఒక కెమెరా కవరు, ఖాళీగా. బోర్డు కింద ఒక చిన్న అట్టముక్క. దాని మీద పెన్సిల్‌తో గీసిన వంకర గుండ్రం. లోపల ఒక ఇంటూ మార్కు.

"ఇదేంటి?"

"మా గడ్డివాడి గీతలు," అన్నాడు క్లబ్బు సెక్రటరీ. "రోజూ తెచ్చి బోర్డుకి గుచ్చుతాడు. ఎవడు చూస్తాడు మేడమ్?"

గడ్డివాడంటే గ్రీన్‌కీపర్. పదకొండేళ్లుగా ఆ క్లబ్బు గడ్డిని కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషి. ఏడూ అయిదుకి ప్లానర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన తువ్వాలుతో ఆమె గాయాన్ని అదిమి పట్టుకుని కనిపించాడు. పోలీసులు వచ్చేసరికి మెంబర్లు అతన్ని నీళ్ల పైపుతో కుర్చీకి కట్టేశారు. పెదవి చిట్లింది. అతని షెడ్డులోని సామానంతా బయట పారేశారు.

ఇన్‌స్పెక్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు కొట్టారు ఇతన్ని?"

మెంబర్లంతా గోడ మీది బోర్డు చదవసాగారు.

"చెవుడా మీకందరికీ? ఎవరు కొట్టారు?"

"చేతులకి రక్తంతో దొరికాడు మేడమ్. ఇంకేం కావాలి?" అన్నాడు సెక్రటరీ.

"గాయం అదిమిపట్టినవాడి చేతులకి రక్తం కాక పన్నీరు అంటుతుందా? కట్లు విప్పండి ముందు!"

ఏడూ నలభైకి పైఆఫీసరు ఫోన్ చేశాడు. అది పెద్దవాళ్ల క్లబ్బట. మెంబర్ల బ్యాగుల జోలికి పోవద్దట. దొరికినవాడు ఉండనే ఉన్నాడట. పదింటికల్లా ఆ గడ్డివాడి మీద కేసు రాసి, కోర్టుకు పంపెయ్యాలట.

"అలాగే సార్," అని ఫోన్ పెట్టేసి, హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది. "గేట్లు ముయ్యి. బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా తియ్యకు."

గేటు రిజిస్టర్ ప్రకారం ఏడింటికి ముందే లోపలికి వచ్చిన మెంబర్లు ముగ్గురు.

సెక్రటరీ, ఆరూ పదిహేను. అప్పటినుంచి పైఅంతస్తులో క్లర్కుకు ఉత్తరాలు చెబుతున్నాడు. క్లర్కు అవునన్నాడు.

పళ్ల డాక్టరు, ఆరూ యాభై. క్యాంటీన్‌లో వరసగా రెండు కాఫీలు. సర్వరు అవునన్నాడు.

మూడోవాడు రిసార్ట్ ఓనరు, ఆరూ ఇరవై. భారీ మనిషి, తెల్లటి టోపీ, నోట్లో వెన్నపూస పెట్టుకున్నట్టు మాట. మూడో రోజు ఆడవలసిన ఎడారి కోర్సు ఇతనిదే. ఈ ట్రిప్పు ఆలోచన కూడా ఇతనిదే.

"మీ కోర్సుని ఎందుకు కొట్టేశారు?"

"అక్కడ ఇసుక గాలులు మొదలయ్యాయి. నిన్న నేనే వద్దన్నాను. ఆ అమ్మాయి నిన్ననే కొట్టేసింది."

"ఆరూ ఇరవై నుంచి ఏడూ అయిదు దాకా ఎక్కడున్నారు?"

"ప్రాక్టీస్ గ్రీన్ మీద. అదే, బయట సాధన చేసుకునే పొట్టి గడ్డి మీద."

"ఎవరైనా చూశారా?"

"పొద్దున్నే ఎవరుంటారు మేడమ్?"

"ఏం చేశారు?"

"ఏడడుగుల నుంచి పది బంతులు కొట్టాను. తొమ్మిది గుంటలో పడ్డాయి."

"ఏ గుంటలో?"

అతను నవ్వాడు. "అక్కడ ఉన్నదే ఒక్క గుంట. ఇసుక బంకర్ పక్కన. మీరు గోల్ఫ్ ఆడరనుకుంటాను."

"ఆడను. ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టండి."

దర్జాగా పెట్టాడు.

గ్రీన్‌కీపర్ షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"ఏం జరిగిందో చెప్పండి."

ఆ 'అండి' వినగానే అతను తలెత్తాడు. ఆ క్లబ్బులో అతన్ని ఏరా, ఓరే అని తప్ప పిలిచినవాళ్లు లేరు.

"చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?"

"నేను ఎవర్నీ నమ్మను. మీ కర్మ కొద్దీ నేనే దొరికాను. చెప్పండి."

"ఆరింటికి ప్రాక్టీస్ గ్రీన్ మీద పని మొదలెట్టాను. ఆరూ పదికి అయిపోయింది. అక్కణ్ణుంచి తొమ్మిదో గ్రీన్‌కి పోయి గడ్డి కోత మిషన్ తిప్పాను. కార్డు పెడదామని వచ్చేసరికి ఆ అమ్మాయి పడి ఉంది."

"ఆమె మీకు ముందే తెలుసా?"

"నిన్న వచ్చి మాట్లాడిందమ్మా. ఇన్నేళ్లలో నా పని గురించి నన్ను అడిగింది ఆ పిల్లొక్కతే. ఎడారిలో ఒక కోర్సు పచ్చగా ఉండాలంటే రోజుకి ఎన్ని నీళ్లు కావాలంది. ఒక ఊరు తాగే నీళ్లన్నాను. అప్పుడు కెమెరాలో ఫోటోలు చూపించింది. కంచెకి అవతల ఎండిపోయిన బావి. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు. కంచె లోపల గిర్రున తిరుగుతున్న నీళ్ల మిషన్లు. రేపు మీటింగ్‌లో అందరికీ చూపిస్తానంది." అతను గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "ఎవరికీ చెప్పకమ్మా అని ఒక్క మాట అనాల్సింది నేను."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఆ అట్టముక్క తీసింది.

"ఇదేంటో చెప్పండి."

చెప్పాడు. రెండు వాక్యాల్లో అయిపోయింది. ఆమె గబుక్కున లేచి హెడ్ కానిస్టేబుల్‌ని కేకేసింది. "ప్రాక్టీస్ గ్రీన్ మీద గుంటలో ఉన్న జెండా పీకెయ్! ఎవరికీ కనపడనీకు."

తొమ్మిదీ ఇరవై.

ముగ్గురు మెంబర్లు ప్రాక్టీస్ గ్రీన్ అంచున నిలబడ్డారు. వాళ్లకు కాస్త దూరంగా గ్రీన్‌కీపర్. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"సార్," అంది ఇన్‌స్పెక్టర్ రిసార్ట్ ఓనరుతో. "పొద్దున ఆడినట్టే ఒక్క బంతి ఆడి చూపించండి."

"ఏంటీ నాటకం?"

"నాటకమే. టికెట్ కూడా లేదు. ఆడండి."

అతను విసుగ్గా పట్టర్ అందుకుని, తిన్నగా బంకర్ వైపు నడిచాడు. ఏడడుగుల దూరంలో బంతి పెట్టాడు. తలెత్తి చూశాడు. రెండడుగులు ముందుకేశాడు. ఇంకో రెండు. వంగి చూశాడు. గుంట లేదు. అరచేయంత మేర గుండ్రంగా, కొద్దిగా రంగు తేడాతో, గడ్డి మాత్రమే ఉంది.

"వెతకండి సార్. తొమ్మిది బంతులు మింగిన గుంట ఎక్కడికి పోతుంది?"

అతను బూటు కొనతో గడ్డిని కెలికాడు.

"మీరు పోసుకోలు కబుర్లు చెప్పుకునే ఈ గ్రీన్ మీద గుంట ఎప్పుడూ ఒకేచోట ఉండదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఉంటే చుట్టూ గడ్డి అరిగి చస్తుంది. అందుకని ఈయన రోజూ ఆరింటికి పాత గుంట పూడ్చి, ఇంకోచోట కొత్తది తీస్తాడు. ఎక్కడ తీశాడో అట్ట మీద గీసి మీ బోర్డుకి గుచ్చుతాడు. పదకొండేళ్లలో ఒక్క దొరబాబుకీ దాన్ని చూసే తీరిక లేదు. ఇవాళ గుంట చెరువు వైపుంది. ఆరూ పదికే అక్కడుంది. మీరు గేటు దాటింది ఆరూ ఇరవైకి."

"నిన్నటి ఆట గుర్తొచ్చి పొరపాటున..."

"నిజమే, మీరు చెప్పింది నిన్నటి గుంట. ఎందుకంటే ఇవాళ మీరిక్కడ కాలే పెట్టలేదు. ఆ ఎర్రగీత కూడా నిన్నటిది కాదు. మార్కర్ మూత తీసి ఉంది. ఆమె మీ కోర్సు పేరు కొట్టేస్తుండగా మీరు వెనక నించున్నారు. హెడ్, ఈయన బ్యాగు తెరువు."

"మెంబర్ల బ్యాగులు..." అన్నాడు సెక్రటరీ.

"మీరు నోరు ముయ్యండి!"

బంతులు వేసుకునే జేబులోంచి కెమెరా బయటికొచ్చింది.

రిసార్ట్ ఓనరు ముఖంలో వెన్న కరిగిపోయింది. "నాలుగు బిందెల నీళ్ల కోసం నా పేరు బజారుకీడుస్తానంది! వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. ఏం చేయమంటారు?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి లేచింది. ఆ చేతిని దించుకోవడానికి ఆమె చాలా కష్టపడింది.

"జీపెక్కించి స్టేషన్‌కి పంపండి వీణ్ణి. నా ఎదుట ఉంచకండి."

తొమ్మిదీ యాభైకి ఆస్పత్రి నుంచి ఫోన్. ప్లానర్ కళ్లు తెరిచింది. మంచినీళ్లు అడిగింది.

ఆ మాట విని గ్రీన్‌కీపర్ తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. అది ఆమె రక్తంతో తడిసి పోలీసుల దగ్గరుంది. చొక్కా చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

సెక్రటరీ వచ్చి అతని భుజం తట్టాడు. "సర్లేరా, జరిగిందేదో జరిగిపోయింది. మొహం కడుక్కుని పనిలోకి దిగు. రేప్పొద్దున గుంట ఇటు మెట్ల దగ్గర పెట్టు, నాకు మోకాళ్ల నొప్పులు."

గ్రీన్‌కీపర్ షెడ్డు వైపు నడిచాడు. బయట పారేసిన సామాన్లలోంచి గుంటలు తీసే కట్టర్‌ని వెతికి తెచ్చాడు. అంటిన మన్ను అరచేత్తో తుడిచి, సెక్రటరీ చేతుల్లో పెట్టాడు.

"రేపటి గుంట మీరే తీసుకోండి సార్. నేను ఆస్పత్రికి పోవాలి."

ఇన్‌స్పెక్టర్ తన జీపు ముందు తలుపు తెరిచి పట్టుకుంది.

జీపు గేటు దాటేదాకా సెక్రటరీ అక్కడే నిలబడ్డాడు. ఆ కట్టర్‌ని ఏ వైపు పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియలేదు.