ఈటీఏ వచ్చిన పెళ్లికూతురు

"చిప్ సిడ్నీ చేరకూడదు," అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు. చైతన్యపురిలో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు వెనక గదిలో ముగ్గురు ఏజెంట్లు నిలబడి ఉన్నారు. "రక్షణ ల్యాబ్‌లో అది పోయి నెలైంది. విదేశీ ముఠా ఈరోజే ఫ్లైట్‌లో దాటిస్తోంది. ప్లాన్ మారలేదు. ఉపేంద్ర, జ్యోతిక! మీరు హనీమూన్ జంట. అదే ఫ్లైట్ ఎక్కండి, కొరియర్‌ని పట్టుకోండి. రాఘవేంద్రా, నువ్వు డ్రైవర్‌వి."

ముఠాలోకి చొరబడిన మన మనిషి జ్యోతిక. చీఫ్‌కి ఆమె మాటే వేదం.

ఖాకీ చొక్కా, అంటించిన మీసంతో రాఘవేంద్ర కారు తీశాడు. వెనక సీట్లో ఉపేంద్ర ఆమె చెయ్యి పట్టుకుంటే అద్దం పక్కకి తిప్పేశాడు. వేషమే కదా అని సర్దిచెప్పుకున్నాడు. కడుపుమంట ఆ మాట వినలేదు.

సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సులు కదలడం లేదు.

"వీసాకి నన్ను చచ్చేలా తిప్పారు. నీదైనా త్వరగా వచ్చిందా?" అడిగాడు ఉపేంద్ర.

"నాకేం పరేషాన్ లేదు. నెట్ల కొట్టిన, ఈటీఏ ఒచ్చింది. గంతే!" నవ్వింది జ్యోతిక.

రాఘవేంద్ర అద్దం మళ్లీ ఆమె వైపు తిప్పాడు. ఈటీఏ అంటే ఆస్ట్రేలియా నెట్‌లోనే ఇచ్చే ప్రయాణ అనుమతి. అది సింగపూర్, జపాన్, అమెరికా లాంటి కొన్ని దేశాల పాస్‌పోర్టులకే ఇస్తారు. మన పాస్‌పోర్టుకి రాదు. అంటే నల్గొండ పిల్లనని చెప్పుకునే ఈమె దగ్గర ఇంకో దేశపు పాస్‌పోర్టు ఉంది.

చెబితే కుళ్లుబోతు మాట అంటారు. చెప్పకపోతే ఉపేంద్ర తిరిగి రాడు. ఆ ఊహ ఒక్క క్షణం తియ్యగా తగిలింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎల్బీ నగర్‌లో నడిరోడ్డు మీద పొయ్యిలు వెలుగుతున్నాయి. ఉద్యమకారుల వంటావార్పు.

"దిగుండ్రి! తినకుంటే బండి కదలనియ్యం," అంది గరిటె పట్టుకున్న అండాలమ్మ. "కొత్త జంటనా? ఇద్దరికి ఒకటే విస్తరి."

"నాకు ఒక్కపొద్దు అమ్మా," అంది జ్యోతిక.

"పెండ్లైన కొత్తల ఒక్కపొద్దేంది బిడ్డా! పోనీ, మొగనికి పెట్టు."

జ్యోతిక ప్రేమగా పప్పన్నం కలిపింది. ఆమె చేతుల మీదే రాఘవేంద్ర చూపు. ఉంగరం రాయి పక్కకి జరిగింది. తెల్లని పొడి ముద్దలో కలిసింది. ముద్ద ఉపేంద్ర పెదవులు తాకబోతుండగా రాఘవేంద్ర విసిరికొట్టాడు.

"ఏంట్రా ఈ కుళ్లు!" అరిచాడు ఉపేంద్ర.

"కుళ్లే. ముందు ఆవిడ పాస్‌పోర్టులు చూడు. ఒకటి కాదు, రెండు."

జ్యోతిక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది. అంతలో కాలే గరిటె ఆమె మణికట్టు మీద పడింది.

"అన్నం కాడ తుపాకేందే!" గర్జించింది అండాలమ్మ.

పిస్తోలు, బ్యాగ్ కిందపడ్డాయి. రెండు పాస్‌పోర్టులు బయటపడ్డాయి. లిప్‌స్టిక్ గొట్టంలో చిప్ దొరికింది. కొరియర్ ఆమే.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక ఉపేంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఈటీఏ రూల్స్ నీకెలా తెలుసురా?"

రాఘవేంద్ర ఊడిన మీసం జేబులో పెట్టుకున్నాడు.

"మీ హనీమూన్ వెనకాలే వద్దామని నేనూ అప్లై చేశాను. నాకు అర్హత లేదన్నారు."