నాలుగు ఖాళీలు

"మా నాన్న అబద్ధం చెబుతున్నారు మేడం. చేయని తప్పు ఒప్పుకున్నారు."

కూర్చోమన్నా కూర్చోకుండా ఆ ఇంజనీరమ్మాయి కుర్చీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. శ్వాస అందించే యంత్రానికి బోర్డు డిజైన్ చేసింది ఆమే. టంకం పెట్టింది తండ్రి. పొద్దున ఆఖరి పరీక్షలో, మీట నొక్కగానే బోర్డు ఆగిపోయింది. "నా టంకమే ఊడింది" అన్నాడట ముసలాయన. సాయంత్రం ఐదింటికి ఆయన ఉద్యోగం కూడా ఊడుతుంది.

డిటెక్టివ్ మేడం వెంటనే లేచింది. పదేళ్లు పెద్దవాడైనా ఆమె మాటే వేదమనుకునే అసిస్టెంటు నోటుబుక్కుతో వెంటపడ్డాడు.

ల్యాబులో మేడం బోర్డు చూపించి అడిగింది. "దీని గొప్పేంటమ్మా?"

"తనను తనే బాగుచేసుకుంటుంది. ఒక భాగం చెడితే ఆ పనిని ఖాళీగా ఉంచిన చోట మళ్లీ అమర్చుకుంటుంది. చెడిన చోటును ఇక ముట్టుకోదు. అలాంటి ఖాళీలు నాలుగున్నాయి. ఈ మీట నొక్కితే ఒక భాగం చెడినట్టు లెక్క."

"ఇదివరకు ఎన్నిసార్లు బాగుచేసుకుంది?"

"రికార్డులో సున్నా. దాన్ని చెరిపే పాస్‌వర్డు నాకూ డైరెక్టరుగారికీ మాత్రమే తెలుసు."

కొత్త మీటకు ఎర్రరంగు అప్పుడే అరిగింది. సందర్శకుల పుస్తకంలో ఈ వారం నాలుగు బృందాల సంతకాలున్నాయి. అసిస్టెంటుకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. గడియారం నాలుగున్నర దాటింది.

డైరెక్టరు గదిలోంచే అరిచాడు. "బంగారంలాంటి బోర్డండీ! దెబ్బ తగిలినా రెప్పపాటులో కోలుకునేది. కళ్లారా ఎన్నిసార్లు చూశానో! ఆ టంకం ముసలాయనే ముంచాడు."

పది నిమిషాల్లో మేడం అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టింది.

"అమ్మా, ఖాళీలు ఎన్ని మిగిలాయో చూడు."

అమ్మాయి తెర వైపు వంగి చూసింది. "ఒక్కటీ లేదు."

"రికార్డులో సున్నా. డైరెక్టరుగారు మాత్రం ఎన్నోసార్లు చూశారు. ఎక్కడ చూశారు సార్? అతిథులొచ్చినప్పుడల్లా మీట నొక్కి గారడీ చూపించారు. బోర్డు కొత్తగా కనబడాలని రికార్డు చెరిపారు. రికార్డు చెరిపితే ఖాళీలు తిరిగొస్తాయా? నాలుగు బృందాలకు నాలుగూ అయిపోయాయి. పొద్దున నొక్కింది ఐదోసారి."

డైరెక్టరు చెమట తుడుచుకున్నాడు. "అదే బాగుచేసుకుంటుంది కదా అనుకున్నాను..."

మేడం ముసలాయన వైపు తిరిగింది. "మరి మీరెందుకు ఒప్పుకున్నారు?"

"డిజైన్ తప్పంటే అమ్మాయికి ఇంకెవరూ పని ఇవ్వరు. నేను రేపోమాపో ఇంట్లో కూర్చునేవాణ్ణే కదమ్మా."

కూతురు ఏడుస్తూనే కోప్పడింది. "ముప్పై ఏళ్లలో మీ టంకం ఒక్కటీ ఊడలేదు నాన్నా! అందుకే అబద్ధమని తెలిసింది."

ముసలాయన తల దించుకున్నాడు. "నేను మాత్రం నీ డిజైనే తప్పనుకున్నానమ్మా."