నీరుగారిన పుడ్డింగు

తలుపు తోసుకొచ్చిన పళ్ళ డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని గాజుగిన్నెను బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. బల్లకి అవతల ఉన్నది ఊరంతా డేగ అని పిలిచే ప్రైవేట్ డిటెక్టివ్. పక్కనే అసిస్టెంటు. డేగ తెలివి మీద డేగకన్నా అతనికే నమ్మకం ఎక్కువ.

"మా ఆవిడ చేసిన చాక్లెట్ పుడ్డింగండీ. రాత్రి చక్కగా గడ్డకట్టింది. పొద్దున్నకి నీళ్ళు! ఇలా అవడం మొదటిసారి కాదు. మా అమ్మే నీళ్ళు పోసిందని ఆవిడ, కోడలికి చేతకాక తన మీద తోస్తోందని అమ్మ. సాయంత్రంలోగా తేలకపోతే మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోతుంది. పెట్టె కూడా సర్దేసింది!"

అసిస్టెంటు మనసులోనే అత్తగారికి సంకెళ్ళు వేసేశాడు.

డాక్టరు ఇంట్లో కోడలు కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో ఉండల్లేకుండా కలిపి, కోకో, చక్కెర వేసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పానండీ. గిన్నెలో పోయగా మిగిలింది పిల్లలకి కప్పుల్లో పోశాను."

"కప్పుల్లోది?"

"బోర్లించినా పడలేదు!"

అత్తగారు గిన్నె అంచు చూపించింది. "రాత్రి ఇదిగో, ఈ మరక దాకా ఉంది. ఇప్పుడు ఇంత కిందికి దిగింది. నీళ్ళు పోస్తే పెరగాలి గానీ తరుగుతుందా నాయనా?"

మామగారు సోఫాలో పేపరు చదువుతున్నాడు. చొక్కా జేబులోంచి చెంచా తొంగిచూస్తోంది.

"దగ్గుమందుకి బాబూ," అన్నాడు అడక్కుండానే. "తీపి నాకెందుకు? షుగరు డాక్టరు మానెయ్యమన్నాక దాని వంకే చూడను."

డేగ కోడలి చేత మళ్ళీ పుడ్డింగు చేయించాడు. రెండు కప్పుల్లో పోసి, ఒక చెంచా నోట్లో పెట్టుకుని తీసి, దానితో ఒక కప్పును కలిపాడు.

"ఎంగిలి, సార్!" అసిస్టెంటు హడలిపోయాడు.

"అదే కావాలి."

కాసేపటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టి కప్పులు వంచాడు. ఒకటి కదల్లేదు. ఎంగిలి చెంచాతో కలిపినది జారిపోయింది.

"ఒకే గిన్నెలో కాచినదే, పిల్లల కప్పుల్లో నిలిచింది. కాబట్టి వంటలో లోపం లేదు. మట్టం తగ్గింది. కాబట్టి ఎవరూ ఏమీ పొయ్యలేదు, తిన్నారు. నాకిన చెంచానే మళ్ళీ ముంచారు. పిండితో చిక్కబడినదాన్ని ఉమ్మి పలచన చేసేస్తుంది. డాక్టరుగారికి తెలియనిది కాదు."

"రోజంతా నా చేతులుండేది అందులోనే!" డాక్టరు తల బాదుకున్నాడు.

"ఈ ఇంట్లో దగ్గుమందు చెంచా జేబులో పెట్టుకుని, ఇంతసేపట్లో ఒక్కసారైనా దగ్గనివారు ఒక్కరే."

అప్పుడు దగ్గాడు మామగారు.

"ఒక్క చెంచానే అనుకున్నాను," కోడలి వంక చూసి గొణిగాడు. "తర్వాత ఇంకొకటి. గుంట కనబడితే మీ అత్తయ్య ఊరుకోదని ఆ చెంచాతోనే కలిపి నున్నగా సర్దేశాను."

అసిస్టెంటు అత్తగారి సంకెళ్ళు మనసులోనే విప్పేసి సిగ్గుపడ్డాడు. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నిన్ను చేతకానిదానివన్నాను. తప్పు నాదేనమ్మా."

"నేను మాత్రం తక్కువన్నానా అత్తయ్యా? ఉండండి, పెట్టెలో బట్టలు తీసేసి వస్తాను."

"తీసేసి ఆ పెట్టె ఇలా పట్టుకురా," అంది అత్తగారు. "మీ మామయ్యవి సర్దుదాం."