కత్తిరించిన అంచులు

టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు కూతురి వెబ్‌సైట్ తెరిచి చూసుకోవడం ఆమెకు రెండేళ్లుగా అలవాటు. వంటింటి కిటికీ దగ్గరైతే సిగ్నల్ బాగా అందుతుంది. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని చూస్తుంది. కొత్త ఫొటో కనిపిస్తే ఆ పూటకు కూతురు క్షేమంగా ఉన్నట్టు. కనిపించకపోతే జ్వరమొచ్చిందేమో, బస్సు దిగుతూ పడిందేమో, గదికి లోపల గడియ పెట్టుకోవడం మరిచిపోయిందేమో అని ఒకటే గుబులు. చెడ్డ కబురుకు ఎదురెళ్లి మరీ ఇంట్లోకి పిలిచే మనసు ఆమెది.

"భయం మీ అమ్మకు రెండో తిండి. ఒక పూట మానేసిందంటే నీరసపడిపోతుంది" అని భర్త కూతురితో అంటుంటాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన పనిలోకి వెళ్లిన ప్రతిరోజూ ఆమె మనసులో కనీసం ఒక లిఫ్టు తెగి పడుతుంది.

ఆమె ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వదులైన బట్టలు బిగిస్తుంది, బిగువైనవి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. కూతురు ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో అమ్ముతుంది. పెళ్లిళ్ల ఫొటోలు కావు, మనుషులవీ కావు. డాబా మీద ఆరేసిన బట్టల నీడలు, వాన వెలిసిన మెట్లు, తలుపు సందులోంచి నేల మీద పడ్డ వెలుగు. ఇలాంటివి కూడా ఎవరైనా కొంటారా అని మొదట్లో ఆమె బుగ్గలు నొక్కుకుంది. కొన్నారు. ఆ దిగులు తీరగానే కొనకుండా ఎత్తుకుపోయేవాళ్ల దిగులు పట్టుకుంది.

ఆ దిగులు తీర్చడానికే ఒక ఆదివారం కూతురు కూర్చోబెట్టి అంతా చెప్పింది. వెబ్‌సైట్‌లో పెట్టేవి చిన్న సైజువట. గోడకు పెట్టుకునేంత పెద్దవి చేద్దామంటే మసకబారిపోతాయి. పైగా ప్రతి ఫొటో మీదా ఐమూలగా తన పేరు వేస్తుంది. చుట్టూ అంచులు కొంచెం కత్తిరించేస్తుంది. కొన్నవాళ్లకు పేరు లేని పెద్ద ఫొటో పంపుతుంది కానీ, అంచులతో సహా ఉన్న అసలు ఫొటో మాత్రం ఎవరికీ ఇవ్వదు.

"అంచులెందుకు కత్తిరించడం?" అని ఆమె అడిగింది.

"నువ్వు కుట్టు లోపల కొంచెం గుడ్డ మడిచి వదుల్తావు కదమ్మా. పైకి కనబడదు. కానీ ఆ బట్ట ఎవరు కుట్టారో లోపలి మడత చూస్తే తెలిసిపోదూ? అలాగే."

ఆ మాట ఆమెకు బాగా అర్థమైంది. కానీ ఆ పేరే కంటికి అడ్డంగా ఉండేది. కూతురు ఈ ఇంట్లో ఉన్న రోజుల్లో తీసిన ఫొటోలవి. అప్పుడు సామాన్లు కొనే స్తోమత లేదు. నీడ ఎక్కువైన చోట వెలుగు పడాలంటే తెల్ల దుప్పటి పరిచి ఎండకు అడ్డంగా పట్టుకోవాలి. పట్టుకున్నది తనే. భుజాలు లాగేవి, కింద కుట్టాల్సిన బట్టలు ఎదురుచూసేవి, కూతురు "ఇంకొంచెం ఎడమకమ్మా" అంటూ ఉండేది. ఇప్పుడు కూతురు ఊరికి ఆ చివర గది తీసుకుంది. వెలుగు పట్టడానికి స్టాండు కొనుక్కుంది. పదిహేను రోజులకోసారి వస్తుంది. వచ్చినా సగం మనిషి ఫోనులోనే ఉంటుంది.

ఒకసారి ఆమె ఉండబట్టలేక, ఇన్ని ఫొటోల్లో నేను ఒక్కదాన్లోనూ లేనేమే అని అడిగింది. కూతురు నవ్వింది. "నువ్వు వెలుగు పట్టేదానివమ్మా. ఫొటోలో పడకూడదు. పడితే కత్తిరించేస్తాను" అంది. నవ్వుతూ అన్న మాటే. అయినా గుడ్డలో విరిగిన సూదిముక్కలా ఎక్కడో ఉండిపోయింది.

పేరు అడ్డం లేకుండా చూసుకోవాలని ఉందని పదేపదే అడిగితే, కూతురు పేరు వెయ్యని పెద్ద ఫొటోలు తొమ్మిది ఆమె ఫోనుకు పంపింది. చూసుకోవడానికి మాత్రమేనని, ఎవరికీ ఇవ్వద్దని రెండుసార్లు చెప్పింది. ఆమె మూడుసార్లు తలూపింది.

ఇదంతా ఆర్నెల్ల కిందటి మాట. ఇవాళ ఆమె కళ్లజోడు మార్పించుకోవడానికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని తలెత్తితే ఎదురు గోడ మీద డాబా, తాడు, బట్టల నీడలు. ఐమూలగా పేరు లేదు. చుట్టూ గోధుమరంగు ఫ్రేము, మూలల్లో ఇత్తడి పువ్వులు.

కళ్లు సరిగా కనబడవని వచ్చిన మనిషికి ఆ పువ్వులు మాత్రం ఒక్కొక్క రేకూ కనబడ్డాయి. అలాంటి ఫ్రేమే తన కుట్టుమిషను పైన వేలాడుతోంది.

నాలుగు నెలల కిందట ఆమె ఆ ఫొటోను పెద్దది చేయించుకుంది. వీధి చివర ఫ్రేముల దుకాణం. అతను ఎంతో మర్యాదగా అక్కా అని పిలిచి, ఫోను ఇలా ఇవ్వండి, లోపల కంప్యూటర్లోకి ఎక్కించుకుని ఇచ్చేస్తానన్నాడు. ఫ్రేము ఇంటికి తెచ్చుకున్నాక భయం మొదలైంది. కూతురు వచ్చే ఆదివారాల్లో పొద్దున్నే దాన్ని దించి బీరువా వెనక పెట్టడం, కూతురు వెళ్లాక మళ్లీ తగిలించడం. భర్త చూస్తూ, భక్తులొస్తే దేవుణ్ణి దాచిపెట్టే పూజారిని నిన్నే చూశానని నవ్వేవాడు.

ఇంటికి రాగానే భర్తకు చెప్పింది. మోకాలి నొప్పని ఆయన ఆ రోజు సెలవు పెట్టి మంచం మీద ఉన్నాడు. ఈసారి నవ్వలేదు.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. మన నోటి నుంచి వింటే పొరపాటు అనుకుంటుంది. పక్కవాళ్ల నోటి నుంచి వింటే మోసం అనుకుంటుంది" అన్నాడు.

ఆమె మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. మూడుసార్లూ టీ పెడదామనో, జిప్పు కుడదామనో కింద పెట్టేసింది. నాలుగోసారి తీసుకునేలోపు తలుపు చప్పుడైంది. వారం మధ్యలో, మిట్టమధ్యాహ్నం, కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం వాడిపోయి ఉంది.

చెప్పులు విప్పుతూనే చెప్పుకుపోయింది. కొత్తగా కట్టిన పిల్లల ఆసుపత్రి వాళ్లు గోడలకు పెట్టడానికి తన ఫొటోలు నలభై తీసుకుంటామన్నారు. మరెక్కడా అమ్మనివి అయి ఉండాలన్నది షరతు. ఆ పని చూసే మేడం నిన్న ఎక్కడో ఒక ఫ్రేముల దుకాణంలో వాటిలో తొమ్మిది చూసింది. అడిగితే ఆ దుకాణదారు, అవి నేను తీసిన ఫొటోలే, ఎవరో అమ్మాయి దొంగిలించి వెబ్‌సైట్‌లో పెట్టుకుందని చెప్పాడట.

"సాయంత్రంలోగా రుజువు చూపించమంది నాన్నా. లేకపోతే..." అంటూ నీళ్ల కోసం అటు తిరిగింది. తిరిగి, మిషను పైన గోడను చూసి ఆగిపోయింది.



"ఇదెక్కడిదమ్మా?"

దాచడానికి ఆమె దగ్గర బీరువా వెనక చోటు తప్ప ఇంకేమీ లేదు. ఉన్నదంతా చెప్పేసింది. దుకాణం, అక్కా అన్న పిలుపు, ఫోను.

"అతని చేతికి ఇచ్చేశావా?"

"లోపలికి పట్టుకెళ్లాడు. పది నిమిషాలు. నాకు టీ కూడా తెప్పించాడు."

"టీ" అంది కూతురు. "దొంగలందరికీ తాళాలు వేశానమ్మా. నీకొక్కదానికే వెయ్యలేదు. బస్సుకి భయపడతావు, వానకి భయపడతావు, గడియకి భయపడతావు. వాడికొక్కడికి భయపడలేకపోయావా?"

భర్త ఏదో అనబోయాడు. ఆమె చేత్తో వారించింది. తప్పు తనదే. కానీ నోరు మాత్రం ఆగలేదు.

"మా అమ్మాయి తీసిందని చెప్పానే వాడికి. వాడు అడక్కుండానే చెప్పాను. నీ గురించి చెప్పుకోవడానికి మనిషి దొరికాడు, అంతే, భయం గుర్తు రాలేదు. నువ్వు పదిహేను రోజులకోసారి వస్తావు. ఇది గోడ మీద రోజూ ఉంటుంది. ఇందులో నువ్వు లేవు, నేనూ లేను, నాకు తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం ఉంది. మిషను తొక్కుతూ తలెత్తితే, ఇంకొంచెం ఎడమకమ్మా అని వినబడుతుంది."

కూతురు కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. కాసేపటికి, ఎవరికో కాకుండా తనకు తనే చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది. ఫొటో ఎప్పుడు తీశానో కెమెరాలో ఉంటుంది, కానీ తేదీలు మార్చడం ఎంతసేపని అతను అంటాడు. పేరు లేని ఫొటోలు అతని దగ్గరా ఉన్నాయి. నా మాట నమ్మాలని వాళ్లకేముంది.

ఆమె మిషను మీదున్న గుడ్డ అంచును వేళ్లతో మడుస్తూ, విప్పుతూ నిలబడింది. ఊరికే ఉండలేని చేతులవి. అప్పుడు అడిగింది.

"కత్తిరించిన అంచులు పారేస్తావా, దాస్తావా?"

కూతురు తలెత్తింది. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి మిషను బల్ల మీదే తెరిచింది. అసలు ఫొటోలన్నీ ఉన్నాయి. అమ్మకు పంపిన తొమ్మిదింటినీ ఒక్కొక్కటే వెతికి తీసింది. భర్త కుంటుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

మొదటిది డాబా మీది నీడలు. గోడ మీదున్న ఫొటో ఎక్కడ అయిపోయిందో అక్కడ అసలు ఫొటో అయిపోలేదు. ఎడమవైపు ఇంకా జానెడు ఉంది. ఆ జానెడులో తెల్ల దుప్పటి, దాని మీద పది వేళ్లు, దుప్పటిని గడ్డంతో నొక్కిపట్టిన ముఖం. తనే. జుట్టు ఇంకా అంత నెరవలేదు.

రెండోది మెట్లు. కుడి అంచులో ఆమె నోరు తెరిచి ఏదో అంటోంది. "ఇక్కడ కూడా జారతావు జాగ్రత్త అంటున్నట్టుంది" అన్నాడు భర్త. ఎవరూ నవ్వలేదు, కానీ గదిలో గాలి కొంచెం తేలికైంది.

మూడోది, నాలుగోది, ఐదోది. ఒకదాంట్లో చెయ్యి మాత్రమే. ఇంకోదాంట్లో దుప్పటి గాలికి లేచి మనిషంతా కనబడుతోంది, పైటకు గుచ్చుకున్న గుండుసూదులతో సహా. కూతురి వేలు మొదట గబగబా నడిచింది. తర్వాత నెమ్మదించింది. ఏడో ఫొటో దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

ముఖం కనబడ్డ ప్రతి ఫొటోలోనూ ఆమె నీడలను చూడటం లేదు. మెట్లను చూడటం లేదు. కెమెరాను కూడా కాదు. కెమెరాకు కొంచెం పైకి, దాని వెనకున్న మనిషిని చూస్తోంది.

"నేనెప్పుడూ అంచుల్ని చూడలేదమ్మా" అంది కూతురు. "ఎక్కడ కత్తిరించాలో కొలత చూసేదాన్ని. అంతే."

ఆమె కూతురి తల మీద చెయ్యి వేసింది. తలనూనె పెట్టి ఎన్నాళ్లయిందో అనుకుంది, పైకి అనలేదు.

తొమ్మిది అసలు ఫొటోలూ ఆసుపత్రి మేడంకు వెళ్లాయి. ఈసారి కూతురు అంచులున్న వాటి మీదే తన పేరు అడ్డంగా వేసి పంపింది. అంచుల్లో ఉన్న మనిషెవరో ఆ దుకాణదారును అడగమని కింద రాసింది. ఎండ వాలకముందే మేడం ఫోను చేసింది. అతను ఆ ముఖాన్ని చూసి, ఈవిడా, మా దుకాణానికి ఫ్రేము చేయించుకోవడానికి వచ్చింది కదా అన్నాడట. అన్నాక నాలుక కరుచుకున్నాడట. దుకాణంలో ఉన్నవి దించేస్తానన్నాడు. అమ్ముడుపోయి ఇళ్లలో, డాక్టర్ల గోడల మీద ఉన్నవి మాత్రం ఇక వెనక్కి రావు. ఆసుపత్రి వాళ్లు మిగిలిన ముప్పై ఒకటి తీసుకుంటామన్నారు. ఆ తొమ్మిదీ వద్దన్నారు.

"ఆ తొమ్మిదీ నా వల్లే పోయాయి" అంది ఆమె.

"పోయాయి" అని ఒప్పుకుంది కూతురు. అబద్ధం చెప్పి ఓదార్చలేదు. "చివర్లో మేడం అడిగింది, ఆవిడెవరని. మా అమ్మ అని చెప్పాను. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదమ్మా. నేనూ చెప్పలేదు" అంది.

వెళ్లేముందు ఆమె ఫ్రేము దించి కూతురి చేతిలో పెట్టబోయింది. కూతురు దాన్ని తీసుకుని, మళ్లీ మేకుకే తగిలించి, వంకర లేకుండా సరిచేసింది. అంచులతో సహా ఇంకోటి వేసి తెస్తానంది.

"వద్దు తల్లీ. దాన్ని కూడా ఎవరైనా ఎత్తుకుపోతే?"

"నిన్నెవరు ఎత్తుకుపోతారే" అన్నాడు భర్త. "రెండో రోజుకి భయపడి వాళ్లే తెచ్చి దిగబెడతారు."

ఈసారి కూతురు నవ్వింది. ఏడుపూ అందులోనే కలిసిపోయింది. మెట్లు దిగుతూ మలుపు దగ్గర ఆగి, పైకి చూసి చెప్పింది.

"ఆదివారం వస్తున్నానమ్మా. ఆ తెల్ల దుప్పటి ఉతికి ఉంచు."

ఆమె ఆ రోజే ఉతికింది. శనివారం మళ్లీ ఉతికింది.

సోమవారం పొద్దున టీ నీళ్లు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఫోను తెరిచింది. కొత్త ఫొటో ఉంది. మేడ మీది నీళ్ల తొట్టె అంచున నిలిచిన నాలుగు చుక్కలు, వాటిలో ఆకాశం. ఐమూలగా కూతురి పేరు. మనిషి జాడ లేదు. కుడివైపు, ఎప్పటిలాగే, శుభ్రంగా కత్తిరించి ఉంది.

నిన్న దుప్పటి పట్టిన భుజాలు ఇంకా లాగుతున్నాయి. ఆమె ఫొటో అయిపోయిన చోట వేలు పెట్టింది. అక్కణ్ణుంచి ఇంకొంచెం కుడికి, ఫోను దాటి, ఖాళీ గాలిలోకి జానెడు దూరం జరిపింది. అక్కడ ఆపింది.

టీ పొంగిన చప్పుడు విన్నది. అయినా వెంటనే కదల్లేదు.